విద్యను అమ్ముకోని విజ్ఞాని – రాంట్‌జెన్

మన కోనసీమలో కొబ్బరి దింపు తీసే కార్మికుడు చెట్టు మీద నుంచి జారిపడితే ఇంటిల్లిపాదీ గుండెలు బాదుకుంటూ అతణ్ణి అమలాపురం తీసుకెళతారు. అక్కడ డాక్టర్లు ముందుగా రాసేది ఎక్స్‌రే. కత్తి పెట్టకుండానే ఎముక ఎక్కడ విరిగిందో తెలిసిపోతుంది. ఈ మేలు ఎవరి చేతుల మీదుగా మనకు అందిందో, ఆయన దాన్ని ఎలా అందించారో తెలుసుకుందాం.

విల్‌హెల్మ్ కాన్రాడ్ రాంట్‌జెన్ 1845 మార్చి 27న నేటి జర్మనీలోని లెన్నెప్ పట్టణంలో ఒక బట్టల వ్యాపారి ఇంట జన్మించారు. హాలెండులో చదువుకునే రోజుల్లో తోటి విద్యార్థి ఒకడు ఉపాధ్యాయుణ్ణి ఎగతాళి చేస్తూ బొమ్మ గీశాడు. గీసిందెవరని నిలదీసినా రాంట్‌జెన్ అతని పేరు బయటపెట్టలేదు. ఫలితంగా బడి నుంచి ఆయన్నే వెళ్ళగొట్టారు. అయినా పట్టు విడవక జ్యూరిక్ పాలిటెక్నిక్‌లో చేరి, 1869లో డాక్టరేట్ పొందారు.

1895 నవంబరు 8 సాయంత్రం వుర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆయన గాలి తీసేసిన గాజు గొట్టం గుండా విద్యుత్తు పంపి పరీక్షిస్తున్నారు. గొట్టాన్ని నల్లటి అట్టతో కప్పేసినా, కొంత దూరంలో ఉన్న రసాయనం పూసిన తెర చీకట్లో మెరిసింది. కంటికి కనిపించని కిరణాలేవో అట్టను దాటి వస్తున్నాయని ఆయన గ్రహించారు. అవేమిటో తెలియదు కాబట్టి ఎక్స్ కిరణాలన్నారు. ఏడు వారాలు ప్రయోగశాలే ఇల్లయింది. డిసెంబరు 22న భార్య బెర్తా చేతిని ఫొటో తీస్తే వేళ్ళ ఎముకలూ, ఉంగరమూ కనిపించాయి. ఈ కిరణాలు మాంసాన్ని సులువుగా దాటిపోతాయి. ఎముకలోని కాల్షియం వాటిని ఎక్కువగా అడ్డుకుంటుంది. ఎక్స్‌రేలో మనం చూసేది ఆ నీడనే. కొద్ది వారాల్లోనే వైద్యులు విరిగిన ఎముకలనూ, ఒంట్లో దిగిన తూటాలనూ దీనితో చూడసాగారు. 1971లో లండన్‌లో మొదటిసారి రోగికి తీసిన సి.టి. స్కాన్ కూడా ఈ కిరణాలతోనే పనిచేస్తుంది.

ఇక్కడ మనం ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటుంది. పేటెంటు తీసుకుని ఉంటే ఆయనకు సిరిసంపదలు వచ్చి పడేవి. కాని ఈ విజ్ఞానం మానవులందరికీ చెందాలని భావించి ఆయన పేటెంటు తీసుకోలేదు. 1901లో భౌతికశాస్త్రానికిచ్చిన మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే లభించింది. ఆ సొమ్మునూ తన విశ్వవిద్యాలయానికే ఇచ్చేశారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో డబ్బు విలువ పడిపోయి ఆయన కూడబెట్టుకున్నదీ కరిగిపోయింది. 1919లో భార్య మరణించారు. 1923 ఫిబ్రవరి 10న మ్యూనిచ్‌లో పేగు క్యాన్సర్‌తో ఆయన కన్నుమూశారు.

మరో మాట. ఈ కిరణాలు మితిమీరితే హాని చేస్తాయి. తొలినాళ్ళలో జాగ్రత్త తెలియక చేతులు పోగొట్టుకున్న వారున్నారు. కనుక డాక్టరు అవసరమన్నప్పుడే తీయించుకోవాలి. గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి.

విద్య ఒక అమానత్ అని మనం పిల్లలకు బోధిస్తాం. రాంట్‌జెన్ దాన్ని ఆచరించి చూపారు. మనలో వైద్యం నేర్చినవారూ, పరీక్షా కేంద్రాలు నడిపేవారూ, పాఠాలు చెప్పే మనమూ ఒక్కసారి ఆలోచించుకోవాలి: చెట్టు మీద నుంచి పడిన ఆ కూలివాడు మన గుమ్మంలోకి వచ్చినప్పుడు మన చూపు ముందు అతని గాయం మీద పడుతుందా, జేబు మీద పడుతుందా?