నాన్న పోయాక బయటపడ్డ పాత గాయం

1916 వసంతకాలం. స్విట్జర్లాండ్‌లో లూసెర్న్ ఊరి దగ్గరున్న ఒక శానటోరియంలో 38 ఏళ్ల రచయిత ఒకాయన చేరారు. నిద్ర లేదు, విడవని తలనొప్పి, దేని మీదా మనసు నిలవదు. మార్చిలో తండ్రి పోయారు. చిన్నకొడుక్కి పెద్ద జబ్బు చేసింది. భార్య మానసిక ఆరోగ్యమూ కుదురుగా లేదు. బయట మొదటి ప్రపంచయుద్ధం. యుద్ధోన్మాదం వద్దని రాసినందుకు సొంత దేశపు పత్రికలే ఆయన్ని ద్రోహి అన్నాయి. ఆయన పేరు హెర్మన్ హెస్. మనలో చాలామందికి ‘సిద్ధార్థ’ నవల రాసిన జర్మన్ రచయితగా తెలుసు.

ఇన్ని కష్టాలు ఒక్కసారి మీద పడితే ఎవరైనా కూలిపోతారు కదా అనిపిస్తుంది. నిజమే. కానీ మా ఓపీకి వచ్చేవాళ్లలో అమ్మో నాన్నో పోయి ఏళ్లు గడిచినా తేరుకోలేనివాళ్లు కనిపిస్తుంటారు. గుండెదడ అంటారు, ఒళ్లునొప్పులు అంటారు. ఈసీజీ, థైరాయిడ్, షుగర్ అన్నీ నార్మల్. కాస్త తీరిగ్గా మాట్లాడితే, వాళ్ల ఏడుపు పోయిన మనిషి కోసం మాత్రమే కాదని తెలుస్తుంది. చిన్నప్పుడు ఆ మనిషి దగ్గర దొరకనిదాని కోసం కూడా. హెస్ విషయంలోనూ జరిగింది అదే.

ఆయన 1877లో జర్మనీలోని కాల్వ్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. ఇంట్లో అంతా క్రైస్తవ మిషనరీలు. తల్లి మరియా పుట్టింది మన కేరళలోనే. ఆమె తండ్రి హెర్మన్ గుండెర్ట్ తలశ్శేరిలో ఉండి మలయాళానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన పండితుడు. ఆ మరియాను నాలుగేళ్ల వయసులో ఐరోపాలో వదిలి తల్లిదండ్రులు తిరిగి ఇండియాకు వెళ్లిపోయారు. అప్పటి మిషనరీ కుటుంబాల్లో అది మామూలు సంగతి. పెద్దయ్యాక తన బాల్యం సంతోషంగా గడవలేదని ఆమే రాసుకుంది. అలా పెరిగిన తల్లికి మొండి కొడుకు పుట్టాడు. ప్రేమ లేక కాదు గానీ, ఆ మొండితనాన్ని ఎలా పట్టుకోవాలో ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

14 ఏళ్లకు హెర్మన్‌ను మౌల్‌బ్రోన్ మఠంలోని పాఠశాలలో చేర్చారు. కష్టమైన పోటీ పరీక్ష రాసి గెలిచిన సీటు అది. మన ఇళ్లలో కార్పొరేట్ కాలేజీలో సీటు వచ్చినప్పటి సంబరాన్ని ఊహించుకోండి. ఆరు నెలలైనా గడవకుండా 1892 మార్చిలో కుర్రాడు పారిపోయాడు. చలిలో రాత్రంతా బయటే ఉన్నాడు. పట్టుకొచ్చి గదిలో ఒంటరిగా బంధించి శిక్షించారు. తర్వాత ప్రార్థనలతో నయం చేస్తాడని పేరున్న ఒక పాస్టర్ దగ్గరికి పంపారు. అక్కడ ప్రాణం తీసుకోబోయాడు. అక్కడి నుంచి మూర్ఛ, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల ఆశ్రమానికి పంపారు. అప్పటికి వాడికి పదిహేనేళ్లు. ఆ ఆశ్రమం నుంచి తండ్రికి రాసిన ఉత్తరంలో నాన్నా అని పిలవలేదు. ముక్కూమొహం తెలియని పెద్దమనిషికి రాసినట్టు సంబోధించాడు.

తర్వాత జీవితం కుదుటపడినట్టే కనిపించింది. గడియారాల వర్క్‌షాపులో పని, పుస్తకాల దుకాణంలో ఉద్యోగం, 1904లో పేరు తెచ్చిన తొలి నవల, పెళ్లి, ముగ్గురు కొడుకులు. 1902లో తల్లి చనిపోతే మాత్రం అంత్యక్రియలకు వెళ్లలేదు.

పద్నాలుగేళ్ల తర్వాత తండ్రి పోయినప్పుడు అణిచిపెట్టినదంతా కట్ట తెగింది. శానటోరియంలో ఆయన్ని చూసిన డాక్టరు జోసెఫ్ లాంగ్. ఆయన కార్ల్ యూంగ్ శిష్యుడు. డిప్రెషన్‌కు ఇప్పుడున్న మందులేవీ అప్పుడు లేవు. ఉన్నదల్లా మాట. శానటోరియం నుంచి వెళ్లిపోయాక కూడా హెస్ ఏడాదికి పైగా లాంగ్ దగ్గరికి వస్తూనే ఉన్నారు. మొత్తం అరవైకి పైగా సార్లు, ఒక్కోసారి గంటలకొద్దీ. కలలు రాసుకోమన్నారు, రాశారు. అప్పుడే బొమ్మలు వేయడమూ మొదలుపెట్టారు.

ఇలాంటి చికిత్సలో జరిగేదేమిటని చాలామంది అడుగుతారు. సలహాలు చెప్పి పంపించేస్తారనుకుంటారు. కాదు. చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు కోపం, భయం, బెంగ చెప్పుకోవడానికి మాటలుండవు, చెబితే వినేవాళ్లుండరు. అవి మనసులోనే పాతుకుపోయి, పెద్దయ్యాక నిద్రలేమిగా, తలనొప్పిగా, అయినవాళ్ల మీద చిరాకుగా బయటికొస్తాయి. తీర్పు చెప్పకుండా వినే ఒక మనిషి ముందు వాటికి మెల్లగా మాటలు దొరుకుతాయి. మధ్యలో బాధ ఎక్కువైనట్టూ అనిపిస్తుంది. నాలుగు సిటింగులకే లాభం లేదని మానేసేవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే.

1917లో కొన్ని వారాల్లోనే హెస్ ‘డెమియన్’ నవల రాశారు. అందులో హీరోకు దారి చూపే పిస్టోరియస్ పాత్రలో ఉన్నది డాక్టర్ లాంగే. ఆ తర్వాత ‘సిద్ధార్థ’ మొదలుపెట్టి సగంలో ఆగిపోయారు. ఏడాదికి పైగా కలం కదల్లేదు. 1921లో యూంగ్ దగ్గరికే వెళ్లి కొన్నాళ్లు చికిత్స తీసుకున్నారు. మరుసటి ఏడాది నవల వెలువడింది. అందులో తండ్రిని వదిలి వెళ్లిన సిద్ధార్థుణ్ని, చివరికి అతని కొడుకు అలాగే వదిలి వెళ్లిపోతాడు. నది నీళ్లలో తన ముఖం చూసుకున్న సిద్ధార్థుడికి తండ్రి ముఖం కనిపిస్తుంది. ఆ పెద్దాయన కూడా ఇలాగే ఏడ్చి ఉంటాడు కదా అని అప్పుడు తోస్తుంది. తండ్రికి అంత పరాయి ఉత్తరం రాసిన కుర్రాడు ఈ చోటికి రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

అలాగని ఒక్కసారి చికిత్సతో అంతా చక్కబడిపోలేదు. మొదటి పెళ్లి నిలవలేదు, రెండోదీ నిలవలేదు. 1920ల మధ్యలో డిప్రెషన్ తిరగబెడితే మళ్లీ లాంగ్ దగ్గరికే వెళ్లారు. బీపీ పెరిగితే మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడం కదా, ఇదీ అంతే. ఇప్పుడు మనకు మందులూ ఉన్నాయి, థెరపీ కూడా ఉంది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

హెస్‌కు 1946లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇటలీ సరిహద్దు దగ్గర మోంటాన్యోలా అనే ఊళ్లో తోటపని చేసుకుంటూ, నీటిరంగుల బొమ్మలు వేసుకుంటూ 85 ఏళ్లు బతికి 1962లో కన్నుమూశారు. ఆ ఇంటికి ప్రపంచం నలుమూలల నుంచీ ఉత్తరాలు వచ్చేవి. ఎక్కువ భాగం కుర్రవాళ్లవే. చదువు పడక, ఇంట్లో ఇమడక, ఎవరితో చెప్పుకోవాలో తెలియక రాసినవి. చూపు మందగించినా, వేళ్లు నొప్పి పెట్టినా ఆయన కూర్చుని వాటికి జవాబులు రాసేవారు.