తెనాలి చక్రపాణి: జబ్బు మంచం మీద నేర్చిన బెంగాలీ

చందమామ ఎవరు ముందు చదవాలని ఇంట్లో అన్నదమ్ములు కొట్లాడుకున్న రోజులు మన పెద్దవాళ్లకి గుర్తే. ఆ పత్రిక పెట్టిన మనిషిది తెనాలి. చీరాలలో రైలెక్కితే బాపట్ల దాటాక వచ్చే ఊరే. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. 1908లో ఐతానగర్‌లో రైతు కుటుంబంలో పుట్టారు.

బడి చదువు మధ్యలోనే ఆగింది. హిందీ నేర్చుకున్నారు. చక్రపాణి అనేది కలం పేరు. 1932లో క్షయ సోకి మదనపల్లె శానిటోరియంలో చేరారు. అప్పటికి ఆ జబ్బుకి సరైన మందే లేదు. తిరిగి ఇంటికొస్తామన్న నమ్మకం ఉండేది కాదు. ఆయన మాత్రం అక్కడే తోటి రోగి దగ్గర బెంగాలీ నేర్చేసుకున్నారు!

ఆ తర్వాత శరత్ నవలలు తెలుగులోకి తెచ్చారు. కుర్రకారు దేవదాసు వెంట పడ్డారు. నవలలు చదివితే పిల్లలు చెడిపోతారని పెద్దలు కోప్పడే కాలం అది. అయినా చదివారు. శరత్ తెలుగువాడే అనుకున్నవాళ్లూ ఉన్నారు, అనువాదం అంత సాఫీగా సాగింది మరి.

1947 జులైలో నాగిరెడ్డితో కలిసి మద్రాసులో చందమామ మొదలెట్టారు, తెలుగు, తమిళ భాషల్లో. మాయాబజార్, మిస్సమ్మ సంగతి అందరికీ తెలిసిందే. 1975లో చక్రపాణి పోయారు. తెనాలివాడే అయిన కొడవటిగంటి కుటుంబరావు మాత్రం 1980లో తాను పోయేదాకా చందమామ పని వదల్లేదు.