తాటాకుల రాతకు ప్రాణం పోసిన బ్రౌన్

మా సేత్తూరు, రాజపాళయం వైపు తెలుగువారి ఇళ్లలో పాత ట్రంకుపెట్టె తెరిస్తే తెలుగు రాత ఎక్కడో ఒకచోట కనబడుతుంది. తాతగారి పద్దుల పుస్తకమో, పెళ్లి ఖర్చుల చిట్టానో, నాయనమ్మ రాసుకున్న పాటల నోటుబుక్కో ఉంటుంది. ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడే పిల్లలు కూడా దాన్ని చదవలేక పక్కన పెట్టేస్తారు. చదివేవారు లేని కాగితం కొన్నాళ్లకు చెత్తబుట్ట చేరుతుంది. రెండు వందల ఏళ్ల కిందట తెలుగు తాళపత్రాలకు ఇదే గతి పడుతుంటే అడ్డుపడిన మహనీయుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. నిఘంటువు రాసిన దొరగా ఆయన మనకు తెలుసు. పాత ప్రతులను కాపాడిన మనిషిగా కూడా ఆయన్ను మన పిల్లలకు పరిచయం చేయాలి.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతబోధకులు, పలు భాషలు తెలిసినవారు. కొడుక్కి చిన్ననాడే భాషల మీద మక్కువ కలిగించింది ఆయనే. 1812లో తండ్రి పోవడంతో కుటుంబం ఇంగ్లండు వెళ్లింది. హెయిలీబరీ కళాశాలలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగానికి చదువుకుని, 1817లో బ్రౌన్ మద్రాసులో దిగారు. అప్పటికి ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. మద్రాసులో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర అక్షరాలు దిద్దారు. 1820లో కడపలో ఉద్యోగానికి చేరాక, జనం మాట్లాడే తెలుగు చెవిన పడింది.

వేమన గురించి విన్న బ్రౌన్ ఆ పద్యాల ప్రతుల కోసం వెతకడం మొదలుపెట్టారు. చాలామంది పండితులు అప్పట్లో వేమనను కవిగా లెక్కచేసేవారు కారు. ఒక ప్రతిలో ఉన్న పద్యం మరో ప్రతిలో ఉండేది కాదు. ఉన్నచోట కూడా మాటలు మారిపోయేవి. ఆయన ఎన్నో ప్రతులు సంపాదించి, పోల్చి చూసి, ఏరిన పద్యాలను ఇంగ్లిషు అనువాదంతో 1829లో అచ్చు వేయించారు.

ఈ పని ఒక్కరి వల్ల అయ్యేది కాదని ఆయనకు త్వరగానే అర్థమైంది. కడపలో ఒక బంగళా కొని, పండితులను, రాయసగాళ్లను సొంత జీతాలిచ్చి పెట్టుకున్నారు. దాన్ని జనం బ్రౌన్ కాలేజీ అన్నారు. తాను వేరే ఊళ్లకు బదిలీ అయినా అక్కడి వ్యవహారాలు అయోధ్యాపురం కృష్ణారెడ్డి చూసేవారు. పని తీరు ఇలా ఉండేది. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించడం, కాగితం మీద శుభ్రంగా నకలు రాయించడం, పండితులు ప్రతులన్నీ పక్కపక్కన పెట్టుకుని తేడాలు గుర్తించడం, సరైన పాఠం నిర్ణయించడం. మనుచరిత్ర, వసుచరిత్రలకు జూలూరి అప్పయ్య చేత వ్యాఖ్యానాలు రాయించింది కూడా బ్రౌనే. ఇందుకు జీతం చాలక అప్పులు చేశారు.

రాతలో నిజం ఉండాలన్న పట్టుదల ఆయన ఉద్యోగంలోనూ కనబడుతుంది. 1832-33 నాటి నందన కరువులో గుంటూరు ప్రాంతం అల్లాడిపోయింది. పైఅధికారులు దాన్ని కొరత అని తేలికచేస్తుంటే, బ్రౌన్ తన నివేదికల్లో కరువు అనే రాశారు. దస్తావేజులో పడే ఒక్క మాట తరువాతి తరాలకు సాక్ష్యమవుతుంది.

1834లో కంపెనీ ఆయన్ను ఉద్యోగం నుంచి తప్పించింది. లండన్ వెళ్లినా ఆయన ఊరకే కూర్చోలేదు. అక్కడి కంపెనీ గ్రంథాలయంలో దక్షిణ భారత భాషల రాతప్రతులు చదివే దిక్కులేక పడి ఉండడం చూశారు. అవి చదవగలవారి మధ్య ఉంటేనే ప్రయోజనమని అధికారులను ఒప్పించి, రెండు వేలకు పైగా ప్రతులను మద్రాసుకు పంపేలా చేశారు. తిరిగి వచ్చాక మద్రాసులో పర్షియన్ అనువాదకునిగా, పోస్టుమాస్టర్ జనరల్‌గా పనిచేస్తూనే 1840లో వ్యాకరణం, 1852లో తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు వెలువరించారు. తాను కూడబెట్టిన ప్రతులను మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించారు. చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి పునాది వేసిన మూడు సేకరణల్లో బ్రౌన్‌ది ఒకటి. కర్నల్ మెకంజీ సేకరణ, లండన్ నుంచి తిరిగొచ్చిన ప్రతులు మిగిలిన రెండూ.

1855లో ఇంగ్లండు వెళ్లిపోయిన బ్రౌన్, 1865లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యులయ్యారు. పెళ్లి చేసుకోలేదు. 1884 డిసెంబరు 12న కన్నుమూశారు. ఆయన ఉత్తరాలను, కాగితాలను బంగోరెగా పేరొందిన బండి గోపాలరెడ్డి వెతికి పట్టి వెలుగులోకి తెచ్చారు. బంగళా ఉన్న చోటే జానుమద్ది హనుమచ్ఛాస్త్రి కృషితో కడపలో బ్రౌన్ గ్రంథాలయం వెలిసింది. ఇతరుల రాతలు దాచినవారి జీవితం కూడా చివరికి దాచిన కాగితాల వల్లే మనకు తెలిసింది.

బ్రౌన్‌కు ఈ విద్యలో శిక్షణ ఇచ్చినవారు లేరు. పండితుల పక్కన కూర్చుని, తప్పులు చేస్తూ నేర్చుకున్నారు. నేడు ఇది ఒక చదువు, ఒక వృత్తి. పాత పత్రాలను పురుగు, తేమల నుంచి కాపాడడం, పట్టిక తయారుచేయడం, అడిగినవారికి వెతికి ఇవ్వడం ఆర్కైవిస్టు పని. న్యూఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం పీజీ చేసినవారికి ఆర్కైవ్స్, రికార్డుల నిర్వహణలో ఏడాది డిప్లొమా నడుపుతోంది. 2003లో మొదలైన జాతీయ లిఖితప్రతుల మిషన్ పాత లిపులు చదవడంలో శిక్షణ శిబిరాలు పెట్టింది. చరిత్ర చదివే పిల్లలకు ఇది మంచి దారి.

ఈ దారిలో మన పిల్లలకు ఒక సౌలభ్యం ఉంది. ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు రాజధాని కాలపు రికార్డులున్నాయి. తంజావూరు సరస్వతీ మహల్‌లో తెలుగు తాళపత్రాలున్నాయి. ఇలాంటి చోట్ల తమిళం, తెలుగు, ఇంగ్లిషు మూడూ చదవగలిగిన మనిషికి విలువ ఎక్కువ. తమిళం బడిలో ఎలాగూ వస్తుంది. తెలుగు అక్షరం మాత్రం మనం పట్టుబట్టి నేర్పితేనే వస్తుంది. మాట్లాడడం వస్తే చాలు, రాత ఎందుకని అడిగే తల్లిదండ్రులకు నేను చెప్పే జవాబు ఇదే.

ఈ ఆదివారం మీ ఇంట్లో పాత పెట్టె ఒకసారి దించండి. దొరికిన తెలుగు కాగితాన్ని పిల్లవాడి చేతికిచ్చి, పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టి చదివించండి. ఎవరు రాశారో, ఏ సంవత్సరమో వేరే కాగితం మీద రాసి దానితో పాటు ఉంచండి. బ్రౌన్ చేసిన పనిలో మొదటి మెట్టు అదే.