ఆల్‌ఫ్రెడ్ స్టర్టెవాంట్

మిగుల ముగ్గిన అరటిపండ్లపై ముసురుకొను చిన్న ఈగలను మనమందరము ఎరుగుదుము. వానిని చేతితో తోలివేయుటయే గాని పరికించి చూచువారు అరుదు. అట్టి ఈగలనుండి గొప్ప సత్యములను గ్రహించి లోకమునకు తెలిపిన శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ హెన్రీ స్టర్టెవాంట్.

ఆయన 1891వ సంవత్సరము నవంబరు 21వ తేదీన అమెరికా దేశమందలి ఇల్లినాయి రాష్ట్రమున జన్మించెను. బాల్యము అలబామా రాష్ట్రమున తండ్రిగారి వ్యవసాయక్షేత్రములో గడచెను. తండ్రి పెంచు గుఱ్ఱముల వంశావళులను ఆ బాలుడు శ్రద్ధతో వ్రాసికొనెడివాడు. తల్లిదండ్రుల రంగు పిల్లల కెట్లు సంక్రమించునో తెలిసికొనవలెనని ఆతని కుతూహలము. 1908లో న్యూయార్కు నగరమందలి కొలంబియా విశ్వవిద్యాలయమున చేరి, అన్నగారి ప్రోత్సాహముతో ఆ విషయమై ఒక వ్యాసము వ్రాసి ఆచార్య మోర్గానునకు చూపెను. మోర్గాను దానిని మెచ్చి, తన ప్రయోగశాలలో ఆతనికి చోటిచ్చెను.

అది యొక చిన్న గది. అందు పాలసీసాలలో వేలకొలది ఈగలు పెరుగుచుండెను. ఈగల కన్నుల రంగులలోని భేదములను కనిపెట్టుట అచటి ముఖ్యమైన పనులలో నొకటి. స్టర్టెవాంట్‌కో, రంగులను సరిగా గుర్తింపలేని దృష్టిలోపము కలదు. అయినను ఆయన వెనుదీయలేదు. 1911లో ఒకనాడు గురువుతో సంభాషించుచుండగా ఆయనకొక ఊహ తోచెను. రెండు లక్షణములు సంతతిలో ఎంత తఱచుగా విడిపోవునో లెక్కించినచో, వానికి కారణమైన జన్యువుల నడుమ దూరము తెలియును గదా! ఆ రాత్రి కళాశాల పాఠములను సైతము ప్రక్కనుంచి, ఆయన మొట్టమొదటి జన్యుపటమును గీచెను. అది 1913లో ప్రకటితమయ్యెను.

మగ ఈగ ఆడ ఈగ చెంతకు చేరి, ఒక రెక్కను చాచి అదరించును. ఇది యెందులకు? స్టర్టెవాంట్ కొన్ని మగ ఈగల రెక్కలను కత్తిరించి పరీక్షించెను. ఆడ ఈగలు రెక్కలున్నవానినే త్వరగా అంగీకరించుచుండెను. ఈ పరిశోధనను ఆయన 1915లో ప్రకటించెను. 1919లో, చూచుటకు ఒక్కటిగానే యున్న ఈగలలో రెండు వేర్వేరు జాతులు కలవని నిరూపించెను. అయితే రెక్కల సన్నని సవ్వడిని పట్టి కొలుచు సాధనములు ఆనాడాయన చేతిలో లేవు.

ఆ కొఱత తరువాతివారు తీర్చిరి. 1960 తరువాతి యేండ్లలో శాస్త్రజ్ఞులు ఆ సవ్వడిని యంత్రములలో నమోదు చేసిరి. నేడు సున్నితమైన మైక్రోఫోనులు దానిని గ్రహింపగా, కంప్యూటరు ప్రోగ్రాములు ఇతర శబ్దములనుండి వేరుచేసి కొలుచుచున్నవి. ఒక స్పందనమునకును మఱియొక స్పందనమునకును నడుమ విరామము, ఆ రెండు జాతులలో ఒకదానికి సెకనులో వేయవ వంతులు సుమారు 35. రెండవదానికి సుమారు 50. కంటికి దొరకని భేదము ఈగ పాటలో దొరకినది.

స్టర్టెవాంట్ 1970వ సంవత్సరము ఏప్రిల్ 5వ తేదీన పరమపదించెను. కన్నులలోని లోపము ఆయన చూపును అడ్డగింపలేదు. అల్పప్రాణియని త్రోసివేయక ఆయన వేసిన ప్రశ్నకు, తరువాతి తరములవారు సమాధానము వినగలిగిరి. విద్యార్థులారా! మంచి ప్రశ్న యడుగుటయు విద్యయే యని ఈ మహనీయుని జీవితము మనకు బోధించుచున్నది.