రెండుసార్లు తప్పిన సుబ్బారావు గారు

మాది చేవెళ్ళ దగ్గర ఆలూరు. ఈసారి మన గోడ పత్రికకు నేను ఒక గొప్ప మనిషి గురించి రాస్తున్నాను. టెన్త్ పరీక్ష అంటే గుండె దడదడలాడే వాళ్ళు తప్పక చదవాలి.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పేద ఇల్లు. కాశీ పోయి అరటిపళ్ళు అమ్ముకుందామని చిన్నప్పుడే ఇల్లు విడిచి బయలుదేరితే, తల్లి వెంకమ్మ గారు వెనక్కి రప్పించి మళ్ళీ బడికి పంపింది. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యారు. మద్రాసులో డాక్టరు చదువుతూ ఖద్దరు కట్టినందుకు తెల్లదొర ప్రొఫెసరుకు కోపం వచ్చింది. చివరికి ఎం.బి.బి.ఎస్. కాకుండా దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా దక్కింది.

సంగ్రహణి జబ్బు ఆయన అన్నదమ్ములిద్దరినీ కొద్దిరోజుల తేడాలో తీసుకుపోయింది. ఆ జబ్బుకు మందు లేదా అనే ప్రశ్న ఆయన్ని వదల్లేదు. 1922లో అమెరికాలోని బోస్టన్ చేరారు. ఖర్చుల కోసం ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల గిన్నెలు కడిగారు. 1925లో ఫిస్క్ గారితో కలిసి, ఆమ్ల ద్రావణంలో వచ్చే నీలం రంగును బట్టి రక్తంలోని ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లం తయారుచేసింది. అది సంగ్రహణికి మందు!

ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే మందులు కూడా వాళ్ళే చేశారు. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో రక్త కాన్సర్ పిల్లలు కొంతకాలం కోలుకున్నారని ఫార్బర్ అనే డాక్టరు 1948లో చూపించారు. దాని చుట్టమే మెథోట్రెక్సేట్, ఇప్పటికీ వాడుతున్నారు. కానీ ఆ మందు కాన్సర్ కణంతో పాటు మంచి కణాన్నీ కొడుతుంది. నోరు పూస్తుంది, రక్తకణాలు తగ్గుతాయి.

దీనికి శాస్త్రవేత్తలు ఒక ఉపాయం వెతుకుతున్నారు. పాలలో నిమ్మరసం పిండితే విరిగిపోతాయి కదా! పులుపు తగిలితే కొన్ని పదార్థాల తీరు మారిపోతుంది. మన రక్తం పి.హెచ్. 7.4. చాలా కాన్సర్ గడ్డల చుట్టూ అది 6.5 నుంచి 7 దాకా దిగుతుంది, అంటే కాస్త ఎక్కువ పులుపు. అందుకని వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉండే పాలిమర్ పొట్లంలో మందు పెడతారు. రక్తంలో అది గట్టిగా మూసుకుని ఉంటుంది. పులుపు తగలగానే కొన్ని పొట్లాల ముడులు తెగుతాయి, కొన్ని ఉబ్బుతాయి. మందు అక్కడే బయటికి వస్తుంది. ఈ పని ఎక్కువగా ఇంకా ప్రయోగశాలల్లోనే ఉంది.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే పోయారు. నోబెల్ రాలేదు. ఆయన మందుకు సరైన పొట్లం కట్టే పని ఇంకా మిగిలే ఉంది. అది మన హాస్టల్ పిల్లలు ఎందుకు చేయకూడదు? ప్రతి ఏడు ఒకరిద్దరు పరీక్ష తప్పి, పెట్టె సర్దుకుని పోయి మళ్ళీ రావట్లేదు. అన్నలూ, చెల్లెళ్ళూ, మూడోసారి రాసిన మనిషిని గుర్తుపెట్టుకోండి. పెట్టె సర్దకండి.