మూసీ వరదల్లో సరోజినీ నాయుడు

సరోజినీ నాయుడు కవయిత్రిగా, స్వాతంత్ర్య సమరయోధురాలిగా లోకానికి సుపరిచితురాలు. నాటి ప్రభుత్వం ఆమెకు బహూకరించిన పతకం మాత్రం వరద బాధితుల సేవకు లభించినది. ఈ సంగతి ఎరిగినవారు కొద్దిమందే.

ఆమె 1879 ఫిబ్రవరి 13న హైదరాబాదులో జన్మించారు. తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయ విద్యావేత్త, తల్లి వరదసుందరి. బెంగాలీ కుటుంబంలో పుట్టినా నిజాం రాజధానిలోని ఉర్దూ వాతావరణంలో పెరిగారు. నిజాం ఇచ్చిన ఉపకార వేతనంతో పదహారవ ఏట ఇంగ్లండు వెళ్లి చదువుకున్నారు. 1898లో తిరిగివచ్చి, తెలుగువారైన డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడును వివాహమాడారు. మద్రాసులో ఆ వర్ణాంతర వివాహాన్ని కందుకూరి వీరేశలింగం పంతులు జరిపించారు.

1908 సెప్టెంబరులో హైదరాబాదు పరిసరాల్లో కుంభవృష్టి కురిసింది. ఎగువనున్న చెరువులు అనేకం తెగిపోగా, సెప్టెంబరు 28న మూసీ నది నగరంపై విరుచుకుపడింది. అఫ్జల్‌గంజ్ వంటి ప్రాంతాలు నీట మునిగాయి. వంతెనలు కొట్టుకుపోయాయి. దాదాపు 15,000 మంది మరణించారని అంచనా. ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు మాత్రం తన కొమ్మలెక్కిన సుమారు 150 మందిని కాపాడింది. ఆ చెట్టును నగరవాసులు నేటికీ ఆదరంగా చూసుకుంటారు. నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ నిరాశ్రయుల కోసం రాజమందిరాల తలుపులు తెరిపించారు.

2023 జూలైలో భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని వాగు ముంచెత్తినప్పుడు సైనిక హెలికాప్టర్లు, శిక్షణ పొందిన విపత్తు సహాయక దళాలు తరలివచ్చాయి. 1908లో అటువంటి దళాలు లేవు. ఆపన్నులను ఆదుకోవడం అప్పటికి ఒక వృత్తిగా రూపొందలేదు. తోటివారిలో ఎవరికి మనసు కలిగితే వారే సహాయకులు. పైగా, పరదా పాటించే స్త్రీలను పరపురుషులు సమీపించడం నాటి మర్యాదకు విరుద్ధం. సర్వస్వం కోల్పోయినా నోరు విప్పి అడగలేని ఇల్లాండ్రను చేరుకోవాలంటే స్త్రీలే పూనుకోవాలి. సరోజినికి అప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. చిన్నపిల్లల తల్లి, ఆరోగ్యమూ అంతంతమాత్రమే. అయినప్పటికీ ఆమె సహాయక కార్యక్రమాల్లో పాల్గొన్నారు. హిందూ ముస్లిం కుటుంబాలు రెండింటితోనూ ఉన్న స్నేహం, ఉర్దూ భాషపై పట్టు ఆమెకు అక్కరకు వచ్చి ఉండాలి. ఈ సేవను గుర్తించి బ్రిటిష్ ప్రభుత్వం ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకాన్ని ప్రదానం చేసింది.

1914లో మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైనప్పుడు ఆమె లండనులో ఉన్నారు. గాయపడిన సైనికుల పరిచర్యకై గాంధీజీ అక్కడి భారతీయులను సమీకరించగా, వారికి దుస్తులు కుట్టించే బాధ్యతను సరోజిని ఉత్సాహంతో స్వీకరించారు. సామ్రాజ్యం కష్టంలో ఉన్నప్పుడు ఆదుకుంటే అది భారతీయుల పట్ల న్యాయంగా ప్రవర్తిస్తుందని ఆనాడు చాలామంది నమ్మారు. 1919 ఏప్రిల్ 13న అమృతసర్‌లోని జలియన్‌వాలాబాగ్‌లో నిరాయుధులపై జరిగిన కాల్పులు ఆ నమ్మకాన్ని తుడిచిపెట్టాయి. వరద బాధితులకు చేసిన సేవకు లభించిన పతకాన్ని సరోజిని ప్రభుత్వానికే తిప్పి పంపారు. గౌరవం స్వీకరించడం కంటె వదులుకోవడం కష్టమైన రోజులవి.

1925లో కాన్పూరు కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించారు. 1947లో సంయుక్త రాష్ట్రాల గవర్నరయ్యారు. 1949 మార్చి 2న ఆ పదవిలో ఉండగానే లక్నోలో కన్నుమూశారు. హైదరాబాదు నాంపల్లిలో ఆమె కుటుంబం నివసించిన ఇల్లు ఆమె తొలి కవితా సంపుటి పేరుతోనే ‘గోల్డెన్ త్రెషోల్డ్’గా ప్రసిద్ధి చెందింది.