తప్పు మనిషిదా, పద్ధతిదా? – డాక్టర్ డెమింగ్ జీవితం

మన భిలాయి రైలు పట్టాలకు పేరుపొందిన ఊరు. పట్టాలో కంటికి కనిపించని చిన్న పగులు ఉన్నా ప్రమాదమే. అందుకే ప్లాంటులో నాణ్యత చూసే విభాగం ఉంటుంది. ఆ విభాగంలో ఉద్యోగం అంటే ఇతరుల తప్పులు వెదకడమేనని చాలామంది అనుకుంటారు. అలా కాదని లోకానికి చూపించి, ఆ పనిలోనే తన జీవితానికి తృప్తి వెతుక్కున్న మహనీయుడు విలియం ఎడ్వర్డ్స్ డెమింగ్.

ఆయన 1900 అక్టోబరు 14న అమెరికాలోని సూ సిటీలో జన్మించారు. బాల్యం వయోమింగ్ రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్ళో పేదరికంలో గడిచింది. చిన్నచిన్న పనులు చేసి ఇంటికి సాయపడుతూ చదువుకున్నారు. 1928లో యేల్ విశ్వవిద్యాలయం నుండి భౌతికశాస్త్రంలో డాక్టరేట్ పొందారు.

ప్రభుత్వ వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో పనిచేస్తున్న రోజుల్లో ఆయనకు వాల్టర్ షూహార్ట్‌తో పరిచయమైంది. ఒకే మనిషి ఒకే యంత్రం మీద చేసిన రెండు వస్తువులు కూడా అచ్చం ఒకేలా ఉండవు. ఆ తేడా మామూలుగా వచ్చేదా, ప్రత్యేక కారణం వల్ల వచ్చిందా అని తెలిపే కంట్రోల్ చార్టును షూహార్ట్ 1924లో రూపొందించారు. ఈ ఆలోచన డెమింగ్ దారిని మార్చింది. భౌతికశాస్త్రం చదివిన ఆయన గణాంకశాస్త్రం వైపు, నాణ్యత వైపు వచ్చేశారు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆయన ఎందరో ఇంజనీర్లకు ఈ పద్ధతులు నేర్పించారు. కానీ యుద్ధం ముగియగానే అమెరికా కర్మాగారాలు వాటిని పక్కన పెట్టేశాయి. పెద్ద అధికారులకు నేర్పకపోతే ఈ పని నిలవదని ఆయనకు అప్పుడు అర్థమైంది.

1950లో జపాన్ ఆయనను ఆహ్వానించింది. యుద్ధంలో దెబ్బతిన్న ఆ దేశపు వస్తువులంటే అప్పట్లో నాసిరకం అనే పేరుండేది. డెమింగ్ అక్కడి ఇంజనీర్లకూ, కంపెనీల అధిపతులకూ పాఠాలు చెప్పారు. ఆ పాఠాల పుస్తకంపై వచ్చే సొమ్ము తనకు వద్దన్నారు. ఆ సొమ్ముతోనే 1951లో డెమింగ్ బహుమతి మొదలైంది. 2008లో మన టాటా స్టీల్ కూడా దానిని అందుకుంది.

ఆయన తరగతిలో ఒక ఆట ఆడించేవారు. పెట్టెలో తెల్లపూసలు, వాటిలో కొన్ని ఎర్రపూసలు. ఎర్రవి లోపమున్న వస్తువులని అనుకోవాలి. గుంటలున్న పలకను పెట్టెలో ముంచి ఒక్కొక్కరూ పూసలు తీయాలి. ఎర్రవి తక్కువ వచ్చినవారికి మెప్పు, ఎక్కువ వచ్చినవారికి చీవాట్లు. అయినా ఎర్రపూసలు వస్తూనే ఉండేవి. పెట్టెలో ఉన్నవే కదా వచ్చేది! తిట్టడం మాని పెట్టెను బాగు చేయాలన్నదే ఆ పాఠం. పనివాడిని భయపెట్టకూడదనీ, తన పని చూసి తాను గర్వపడే అవకాశం అతనికి ఇవ్వాలనీ ఆయన నమ్మారు.

సొంత దేశం ఆయనను గుర్తించింది చాలా ఆలస్యంగా. 1980లో ఒక టీవీ కార్యక్రమం వచ్చాకే అమెరికా కంపెనీలు ఆయన కోసం వెదికాయి. అప్పటికి ఆయనకు 79 ఏళ్ళు! ఆ వయసులోనూ విసుగు లేకుండా ఊరూరా తిరిగి పాఠాలు చెప్పారు. 1993 డిసెంబరు 20న కన్నుమూసే కొద్దిరోజుల ముందు వరకూ ఆ పని ఆపలేదు. మెప్పు వచ్చినా రాకపోయినా ఇష్టమైన పనిని వదలకపోవడంలోనే ఆయన తృప్తి ఉంది.

జపాన్‌లో 1962లో మొదలైన క్వాలిటీ సర్కిల్స్ మన దేశానికి 1980లో హైదరాబాదు రామచంద్రాపురంలోని బి.హెచ్.ఇ.ఎల్. ద్వారా వచ్చాయి. కార్మికులే కూర్చుని తమ పనిలోని ఇబ్బందులను తామే పరిష్కరించుకునే పద్ధతి అది.

మిత్రులారా! ఈసారి డ్యూటీ నుండి వచ్చిన అమ్మనో నాన్ననో ఈ రోజు ఎవరి తప్పు పట్టుకున్నారని కాక, ఏ పద్ధతిని బాగు చేశారని అడిగి చూడండి. లెక్కల్లో మార్కులు తగ్గినప్పుడు కూడా మనల్ని మనం తిట్టుకోవడం మాని, మనం చదివే పద్ధతిలో ఎర్రపూస ఎక్కడుందో వెదుకుదాం.